కదలని అంకె

ఉద్యోగం నుంచి దిగిపోవడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్‌లో నన్ను బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంప్ రూం నుంచి గ్యాస్ కంట్రోల్ రూంకు మార్చారు. మంచిర్యాల వైపు బొగ్గుబాయి అది. నా చదువు నాలుగో తరగతి. తెర మీది అంకెలను గంటకోసారి రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని.

బాయి లోపల పనిచోటుకో పెట్టె వేలాడుతుంది. గాలిలో మంటంటుకునే గ్యాస్ నూటికి ఎంతుందో అది తీగ ద్వారా పైకి పంపుతుంది. పాత పద్ధతిలో ఆ లెక్కను ఒక పెన్ను తిరిగే కాగితం మీద గీసేది. గీత ఎప్పుడూ సన్నగా వణికేది; లాంప్ రూంకు వస్తూ పోతూ చూసేదాన్ని. కొత్త తెర మీద చోటుకో గడి, గడిలో ఒక అంకె. తక్కువుంటే ఆకుపచ్చ, పెరిగితే ఎరుపు.

ఒక రోజు ఉదయం షిఫ్టులో ఐదో నంబరు గడి 0.2 దగ్గర నిలబడింది. పదింటికి అంతే, పదకొండింటికీ అంతే. మధ్యలో అక్కడ బొగ్గు పేల్చారు. పేల్చాక గ్యాస్ కొంచెమైనా లేవాలి కదా, లేవలేదు. అక్కడ పదకొండు మంది పనిలో ఉన్నారు.

పక్క కుర్చీలోని ఆపరేటర్ శ్రీనుకు చూపించాను.

"ఆకుపచ్చగనే ఉన్నది గదక్కా. గింత మంచిగుంటే ఎందుకు పరేషాన్ అయితవ్?" అని నవ్వాడు.

"మంచిగున్నదో, పెట్టె సచ్చిందో ఎట్ల తెలుస్తది తమ్మీ?"

ఉత్తపుణ్యానికి పని ఆపిస్తే చీవాట్లు తప్పవు. అయినా లోపలికి ఫోన్ చేశాను. ఆ చోటు భద్రత చూసే మైనింగ్ సర్దార్ కొమురయ్య ఎత్తాడు.

"ఏంది లచ్చవ్వా, నీ టీవీ పాడైందా, నన్ను అడుగుతున్నవ్?"

"పాడైందో లేదో నువ్వే చెప్పాలె బావా. జర చేతి మీటరు పెట్టి చూడు."

కాసేపటికి ఆయన గొంతు మారింది. "ఒకటిన్నర ఉన్నది. కరెంటు బంద్ చేయించు. అందర్ని తీస్కపోతున్న."

ఒకటింపావు దాటితే మనుషులు అక్కడ ఉండకూడదని నియమం. పదకొండు మందీ నడిచి బయటికొచ్చారు. పదింటికి ముందే వాళ్ల వెనక దారిలో పైకప్పు రాయి పడి, తాజా గాలి తెచ్చే గొట్టాన్నీ, పెట్టె తీగనూ ఒకేసారి తెంపిందని తర్వాత తెలిసింది. తీగ తెగినా తెర మాత్రం చివరి అంకెనే ఆకుపచ్చగా చూపిస్తూ కూర్చుంది.

మరునాడు బాయిలో గాలి సంగతి చూసే వెంటిలేషన్ ఆఫీసర్ పిలిచి ఎట్లా పట్టావని అడిగితే, పాత పెన్ను గీత సంగతి చెప్పాను. నెల లోపు తెర మార్పించారు. ప్రతి అంకె పక్కన గడిచిన గంట గీత పెట్టారు. పెట్టె నుంచి కబురు ఆగితే గడి బూడిద రంగుకు మారుతుంది.

మార్చిన రోజే ఇంకో రెండు గళ్లు బూడిదయ్యాయి. పేలుళ్లు లేని పాత దారులవి. రిజిస్టర్ తిరగేస్తే నా చేతిరాతలోనే పది రోజులుగా ఒకే అంకె ఉంది. గంట గంటకూ రాశాను, ఒక్కసారీ అనుమానం రాలేదు.

గీతలో కంటికి ఆనేది అంకెలో ఆనదు. బాగుందనడానికీ, తెలియదనడానికీ తెర మీద ఒకే రంగు ఉండకూడదు.