మూడో చుక్క

హెర్మీనాకు కోపం వస్తే ఆమె సైకిల్ బెల్లు ఊరంతా వినిపిస్తుంది. ఆ శుక్రవారం ఆల్చె ఇంటి నుంచి చర్చి సంఘ పెద్ద వోల్టర్ పశువుల కొట్టం దాకా ఆ బెల్లు ఆగలేదు.

హెర్మీనా ఇళ్లకు తిరిగి రోగులను చూసుకునే నర్సు. ఎముకలకు క్యాన్సర్ పాకిన ఆల్చెకు డాక్టరు గంజాయి నూనె రాశాడు, మందుల షాపువాళ్లు ఇచ్చారు. ఒక్క చుక్కతో మొదలుపెట్టి, తల తిరుగుతోందా, నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా అని రోజూ అడిగి, పూటకు మూడు చుక్కల దగ్గర కుదిర్చింది హెర్మీనాయే. మంచం దిగలేని ముసలామె మళ్లీ కుర్చీలో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీసింది. అలాంటిది, ఈ వారం మళ్లీ మూలుగులు. సీసా ఎత్తి చూస్తే నూనె ఎక్కడిదక్కడే ఉంది.

"ఎందుకు మానేశావత్తా?"

"ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంది కదే. మత్తు మందు వేసుకున్నవాళ్లను బల్ల దగ్గరికి రానిచ్చేది లేదని వోల్టర్ చెప్పి పోయాడు. ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం నాకు ఇదే ఆఖరుసారి. ఓర్చుకుంటాలే."

హెర్మీనాకు ఒళ్లు మండిపోయింది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని బెదిరించడానికి ఈ సంఘ పెద్దలకు నోరెలా వచ్చింది?

వోల్టర్ ఆవులకు మేత వేస్తున్నాడు.

"ఆవిడ దిండు కొరుక్కుంటూ పడి ఉంటే నీకు నిద్రెలా పడుతోందయ్యా?"

"అది గంజాయి, హెర్మీనా. పట్నంలో పోకిరీలు పీల్చేది."

"నీ నడుము పట్టేసినప్పుడు నేను పొడిచిన మార్ఫిన్ ఏంటి, మజ్జిగా? ఆ ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకు తిరిగింది నువ్వే కదా!"

"అది వేరు."

"వేరే! నడుము నీది కాబట్టి వేరు!"

వోల్టర్ మరో గడ్డిమోపు అందుకున్నాడు.

ఆదివారం హెర్మీనా ఆల్చెను చక్రాల కుర్చీలో చర్చికి తీసుకెళ్లింది. ప్రసంగం మొదలవగానే అందరూ అలవాటుగా పిప్పరమెంట్లు నోట్లో వేసుకున్నారు. అప్పుడే ఆల్చెకు నొప్పి అందుకుంది. కేక బయటికి రాకుండా పళ్లు బిగించి, హెర్మీనా మణికట్టు పట్టుకుంది.

హెర్మీనా సంచిలోంచి సీసా తీసి ఆమె చెవిలో చెప్పింది. "నీ ఇష్టం అత్తా. వద్దంటే మూత తీయను."

ఆల్చె, వోల్టర్ కూర్చున్న సంఘ పెద్దల బెంచీ వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

ఒక చుక్క పడింది. రెండో చుక్క పడేసరికి వోల్టర్ లేచి నిలబడ్డాడు. తలలన్నీ ఇటు తిరిగాయి. హెర్మీనా సీసా వంచడం ఆపి, అతని వైపు కోపంగా చూసింది.

"ఆపావేం హెర్మీనా?" ఆల్చె గొంతు చివరి వరస దాకా వినిపించింది. పాస్టరు ప్రసంగం ఆపేశాడు. "మూడోది కూడా వెయ్యి. వేసి, నన్ను బల్ల దగ్గరికి తొయ్యి. ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను."

వోల్టర్ ఇంకా నిలబడే ఉన్నాడు. హెర్మీనా మూడో చుక్క వేసి, కుర్చీ బ్రేకు తీసింది.