పక్షం మార్చని ఆట

బుకిట్ బటోక్‌లో మా పై అంతస్తులో భానుమతి గారు ఉండేవారు. రెండువేల సంవత్సరం వస్తోందని, కంప్యూటర్లలో తేదీలు దిద్దడానికి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో ఆమె భర్త కూడా ఈ చిన్న దీవి దేశానికి వచ్చారు. ఆమెది తెనాలి దగ్గర పల్లె. ఎదురింటి చీనా అవ్వ కూరగాయల బండి లాక్కుంటూ నెమ్మదిగా వస్తుంటే, లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడేది మా బ్లాకులో ఆమె ఒక్కరే. ఆమె గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. ఆ ఉగాది ఆదివారం కూడా పెంచలేదు. కోపమంతా నాకే వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

శనివారం సాయంత్రాలు బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఆమె పిల్లలకు పులి-మేక నేర్పేవారు. అట్ట మీద సుద్దతో గీసిన గీతలు, మేకలకు చింతపిక్కలు, పులులకు కాఫీ కొట్టువాడు దాచి ఇచ్చే సీసా మూతలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలకు చంపడం లేదు, అన్నీ కలిసి పులికి కదలడానికి దారి లేకుండా మూయాలి. బలాలు సమానం కావు గనక వాళ్ల ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఆట అవగానే పక్షాలు మార్చుకోవాలి. ఇద్దరూ పులులు పట్టి, ఇద్దరూ మేకలు కాసాకే గెలుపు మాట ఎత్తాలి.

ఆ ఉగాదికి మనవాళ్లు టాంపినీస్‌లో ఒక హాలు తీసుకుని పోటీలు పెట్టారు. పులి-మేకకు ఆమెనే తీర్పరిగా కూర్చోబెట్టారు. చివరి ఆటకు ఇద్దరు మిగిలారు. ఒకరు మల్లికార్జునరావు గారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, ఆ వేడుకకు పెద్ద. రెండోవాడు సింహాచలం. శ్రీకాకుళం వైపువాడు, ఓడల యార్డులో వెల్డింగు పని. ఇస్త్రీ చొక్కా నలగకుండా బూన్ లే నుంచి రైల్లో నిలబడే వచ్చాడట.

కూర్చోగానే రావు గారు సీసా మూతలు తన వైపు లాక్కున్నారు. "టైగర్స్ నాకు. నీకు పేరులోనే సింహం ఉందిగా, గోట్స్ చాలు."

అందరూ నవ్వారు. సింహాచలమూ నవ్వాడు.

ఆట గట్టిగానే సాగింది. ఓడిపోయేన్ని మేకలు పోగానే రావు గారు చేతులు దులుపుకుని లేచారు.

"కూర్చోండి. ఇప్పుడు మేకలు మీవి" అన్నారు భానుమతి గారు.

"అదేంటి మేడమ్, గేమ్ ఓవర్ కదా. ఇదీ చెస్ లాంటిదే. ఒకసారి ఓడితే ఓడినట్టే."

"చదరంగంలో ఇద్దరికీ ఒకే సేన ఉంటుందండీ. ఇక్కడ లేదుగా. సగం ఆటే అయింది."

"హాల్ టైమ్ అయిపోయింది. లంచ్ ప్యాకెట్లు చల్లారిపోతున్నాయి. ఏదో ఫన్‌కి పెట్టుకున్నాం, ఇంత సీరియస్ ఎందుకండీ?"

హాలు చూసుకునే మలయ్ పెద్దాయన 'హాల్ టైమ్' అన్న మాట చెవిన పడి దగ్గరికి వచ్చాడు. "నెవర్ మైండ్ లా. యూ ప్లే ఫస్ట్. హాఫ్ అవర్ కెన్" అని చీపురు గోడకు ఆనించి, ఆట చూడటానికి తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు. మన భాష ఒక్క ముక్క రానివాడికి సింహాచలం ముఖం అర్థమైంది. ఒకే భాష మాట్లాడే మనవాళ్లకు కాలేదు. ఆయన ఇచ్చిన అరగంటను రావు గారు విననట్టే ఊరుకున్నారు.

"ఒగ్గీయండమ్మా" అన్నాడు సింహాచలం. "నానూ ఓపాలి పులులట్టుకుందామనుకున్నాను. పోన్లెండి, పెద్దోరు."

బహుమతి రైస్ కుక్కరు. ఆమె చేతుల మీదుగా ఇప్పించబోతే, "సగం ఆటకు నేను గెలుపు చెప్పనండీ" అని పక్కకు జరిగారు. రావు గారే మైకు అందుకుని తన పేరు తనే చదువుకున్నారు. వేదిక దిగుతూ పక్కాయనతో, "వర్కర్స్‌ని పిలిస్తే ఇదే ప్రాబ్లమ్" అన్నారు. నోరెత్తనివాడి మీద ఆ నింద. గణపతికి దండం పెట్టి మొదలుపెట్టిన వేడుకలో ఒక మనిషి వంతు మింగేసి చప్పట్లు కొట్టించుకున్నారు. కొట్టినవాళ్లలో రోజూ పూజ చేసేవాళ్లు బోలెడుమంది. నేను లంచ్ ప్యాకెట్ విప్పకుండానే బయటికి నడిచాను.

భానుమతి గారు అట్ట, పిక్కలు, మూతలు తీసుకుని బయట బస్టాపు బెంచీ మీద కూర్చున్నారు. "రా సింహాచలం, నీ వంతు ఉండిపోయింది. మేకలు నేను కాస్తాను."

"మీతోనా అమ్మా? బస్సొచ్చేస్తాది."

"ఇంకోటి వస్తుంది. కూర్చో."

ఆడుతుండగా రావు గారి టాక్సీ మా ముందు నుంచే వెళ్లింది. ఒళ్లో కుక్కరు పెట్టుకుని ఆయన చెయ్యి ఊపారు. ఎవరు పలకరించినా మారు పలకడం నాకు అలవాటు. ఆ పూట నా చెయ్యి లేవలేదు.

సింహాచలం పులులు ఆబగా దూకి మూడు మేకల్ని తిన్నాయి. ఆమె తొందరపడలేదు. ఒక్కో పిక్కా జరుపుతూ పోయారు. చివరికి మూడు మూతలూ ఒక మూలన ఇరుక్కున్నాయి. అతను అట్ట మీదికి వంగి చాలాసేపు వెతికాడు. దారి లేదు.

"కట్టీసినారమ్మా" అన్నాడు నవ్వుతూ. "పులులట్టుకున్నా ఓడిపోనాను."

"ఓడితే ఓడావు. ఆడావుగా" అన్నారామె. ఆమె కళ్లలో మాత్రం నవ్వు లేదు. హాలు తలుపు వైపే చూస్తున్నారు.

బస్సు వచ్చి ఆగింది. సింహాచలం లేవలేదు. చింతపిక్కలన్నీ ఏరి తన ముందు పోసుకుని, మూతలు ఆమె వైపు నెట్టాడు.

"ఇప్పుడు పులులు మీయి" అన్నాడు.