స్టెపాన్ తాత షాష్కా

మొన్న ఎడిసన్‌లో బూట్లు బాగుచేసే కొట్లోకి అడుగు పెట్టగానే, పాత తోలూ అవిసె నూనే కలిసిన వాసన గుప్పున తగిలి, ఏ పని మీద వచ్చానో మరిచిపోయి కాసేపు అలాగే నిలబడిపోయాను. అది మా స్టెపాన్ తాత గది వాసన.

నాకు ఆరేళ్లప్పుడు నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి అమెరికాలోని ఈ ఊరొచ్చి, ఆయన ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం. కింద తాత ఒక్కడే ఉండేవాడు. ఆయనది కొసాక్ వంశం, అంటే రష్యాలో డాన్ నది ఒడ్డున తరతరాలుగా గుర్రపు రౌతులుగా బతికిన జాతి. వాళ్ల నాన్న అక్కడి అంతర్యుద్ధంలో ఓడి దేశం విడిచిపోతూ ఒక్క కత్తి మాత్రం వెంట తెచ్చుకున్నాడట. భార్యా, ఒక్కగానొక్క కొడుకూ పోయాక తాతకు మిగిలిందీ అదే.

చలికాలంలో మోకాళ్ల లోతు మంచు పడి బడి మూసేసిన రోజుల్లో, తాత హీటర్ పక్కన కూర్చుని పాత బనియన్ గుడ్డకు నూనె అద్ది ఆ కత్తిని తుడుస్తుంటే, నేను ఆయన కాచిన బీట్‌రూట్ సూప్‌లో అమ్మ పంపిన జంతికలు ముంచుకు తింటూ చూస్తుండేదాన్ని. దాన్ని షాష్కా అంటారని, అసలు అది కాకసస్ కొండల్లోని చెర్కెస్ వాళ్ల కత్తి అని, వాళ్లతో కొట్లాడుతూ కొట్లాడుతూనే తమవాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారని, చివరికి రష్యా సైన్యమే దాన్ని తీసుకుందని చెప్పేవాడు. సినిమా కత్తుల్లా దీనికి చేతికి కాపుండే పట్టీ లేదు. పిడి చివర పక్షి ముక్కులా వంగి రెండుగా చీలి ఉండేది, తోలు తొడిగిన చెక్క ఒరలోకి ఆ పిడి కూడా సగానికి పైగా దిగిపోయేది. నడుముకు కట్టినప్పుడు పదును పైకి ఉంటుంది, దూయడమూ వేటు వేయడమూ ఒక్క ఊపులో అయిపోవాలని. నేనూ స్కేలును నడుముకు తలకిందులుగా దోపుకుని, సోఫా చెయ్యి మీదెక్కి గుర్రం తోలేదాన్ని.

ఒక దసరాకు అమ్మ కారుకూ కంప్యూటర్‌కూ కత్తిపీటకూ పూజ చేస్తుంటే, నేను వెళ్లి తాతను షాష్కాతో సహా లాక్కొచ్చాను. అమ్మ భక్తి కొద్దీ కత్తి మొత్తానికీ తడి పసుపు పూసి, బొట్టు పెట్టి, దేవుడి ముందు ఉంచింది. పులిహోరా గారెలూ తిని సాయంత్రం తీసి చూస్తే పసుపు కింద తుప్పు మచ్చలు.

"అయ్యో, ఎంత పని చేశానండీ" అని అమ్మ ఏడుపు మొహం పెట్టింది.

తాత మాత్రం, అమెరికా వచ్చాక దీనికి దండం పెట్టిన ఇల్లు మీదొక్కటేనమ్మా అని, ఆ మరకల్ని తుడవకుండా వదిలేశాడు.

మరుసటి చలికాలం ఆయన మంచం పట్టాడు. షాష్కా తండ్రి నుంచి కొడుక్కు వెళ్లాలి. తీసుకునేవాళ్లు లేకపోతే రెండుగా విరిచి, ఆఖరివాడితో పాటు శవపేటికలో పెట్టేస్తారు. అది వాళ్ల ఆచారం. విరవనివ్వకండి, మీ ఇంట్లో పూజ చేశారు, మీ పిల్లకివ్వండి అని తాత నాన్నను అడిగాడు.

"గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇంట్లో ఆయుధం ఉందని ఎవరన్నా కంప్లైంట్ చేస్తే మన గతేంటి?" అన్నాడు నాన్న పైకొచ్చి.

"అంత ఆశగా అడిగితే ఎట్టా కాదంటామండీ?"

"ఎందుకొచ్చిన రిస్క్ చెప్పు."

నాన్న కిందికి వెళ్లి కుదరదని చెబితే తాత తలూపాడు. కాగితాల భయం నాకు తెలుసులే, మా నాన్న బతుకంతా దానితోనే గడిచింది అన్నాడు.

చలి తగ్గకముందే పోయాడు. వాళ్ల చర్చి నుంచి ఇద్దరు ముసలివాళ్లు వచ్చి, గరాజ్‌లో బల్లకున్న ఇనప పట్టులో షాష్కాను బిగించి విరిచారు. ఆ చప్పుడుకు పై వాటాలో అమ్మ చెవులు మూసుకుంది. శవపేటికలో తాత చేతి పక్కన పెట్టిన రెండు ముక్కల్లో ఒకదాని మీద పసుపు ఛాయ ఇంకా ఉంది. అది నాకిచ్చాడు కదమ్మా అని అడిగితే, అమ్మ నన్ను పొదువుకుంది.

ఆ ఇల్లు కూలగొట్టి వరుస ఇళ్లు కట్టారు. ఆ చర్చీ మూతపడింది. షాష్కా అనే మాట పలికే నోరు ఈ ఊళ్లో ఇంకొకటి నాకు తగల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తాత పోయిన చాన్నాళ్లకు మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, ఆ తర్వాత పౌరసత్వమూ వచ్చింది. నాన్న కోటు వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్లి, అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. మీ ఇంట్లో ఏముందని మాత్రం మమ్మల్ని ఎవరూ, ఎప్పుడూ అడగలేదు.