తొంభై తొమ్మిది భాగించే నంబరు

మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డలమ్మే హనీఫ్‌కు సంఖ్యల పిచ్చి. ఎంత పెద్ద సంఖ్య కనబడినా దాని అంకెలు కూడాల్సిందే. ఆ మొత్తం తొమ్మిదితో పోతే సంఖ్యా తొమ్మిదితో పోతుంది. ఒకటి విడిచి ఒకటి కూడినప్పుడు రెండు మొత్తాలూ సమానమైతే పదకొండుతో పోతుంది. రెండూ కుదిరితే తొంభై తొమ్మిది దాన్ని మిగులు లేకుండా భాగిస్తుంది. అలాంటిది దొరికిన రోజు హనీఫ్‌కు పండగే. ఏడో తరగతి దాటని మనిషికి ఈ యావ ఏమిటని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఆఫీసు గుమాస్తాగా చేశాను కదా, ఆ మాత్రం పొగరుండేది.

పోయిన జూన్‌లో ఒక పొద్దున ట్రాలీ ఆటో ఒకటి పూలమ్మే లీలాకుమారిని గోడకేసి నలిపేసి పారిపోయింది. ఆమె తల పగిలిన చప్పుడు నేను విన్నాను. బండికి నంబర్ ప్లేటు లేదు. వెనక తలుపు మీద యజమాని ఫోన్ నంబరు మాత్రం ఉంది. హనీఫ్ దాన్ని జంటలు జంటలుగా ఉర్దూలో గడగడా చెప్పాడు. నేను అరచేతి మీద రాసుకున్నాను. పోలీసులు రాకముందే లీలాకుమారి అన్న అమ్మిరాజు నా చెయ్యి చూసి ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"పార్సిల్ వచ్చింది సార్, అడ్రస్ చెప్పండి" అన్నాడు.

మోటార్లు బాగుచేసే పద్మనాభం అనే ఆయన సీతాఫల్‌మండిలో తన ఇల్లెక్కడో సంతోషంగా చెప్పాడు. అమ్మిరాజు మనుషుల్ని వేసుకుని బయల్దేరాడు. ఆ తర్వాత హనీఫ్ నా చెయ్యి లాక్కుని చూశాడు.

"ఏందీ ఆర్థర్ సార్ గిది? కూడితే యాభై అయిదొస్తుంది. నేను చూసింది యాభై నాలుగు. ఇటు ఇరవై ఏడు, అటు ఇరవై ఏడు. తొమ్మిదితో పోతది, పదకొండుతో సుత పోతది. చివర నేను ఉన్నాసీ అన్న. డెబ్బై తొమ్మిది! మీరు నవాసీ అనుకొని ఎనభై తొమ్మిది రాసిన్రు!"

బోయిగూడలో పుట్టి పెరిగినవాణ్ణి, ఉర్దూ నాకు మంచినీళ్లప్రాయమని చెప్పుకు తిరిగేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మిరాజు ఫోన్ ఎత్తలేదు. మేం వెళ్లేసరికి పద్మనాభాన్ని గల్లీలోకి ఈడ్చి నలుగురు ఇనుప రాడ్లతో కొడుతున్నారు. ఆయన దవడ విరిగి వేలాడుతోంది. తనకు బండే లేదని చెప్పుకోడానికి కూడా ఆయనకు నోరు లేదు. హనీఫ్ వెళ్లి ఆయన మీద అడ్డంగా పడ్డాడు. రాడ్ అతని భుజం మీద దిగింది.

"జెర ఆగుండ్రి భాయ్! తప్పు నంబర్! ఈయన కాదు!"

రక్తం కక్కుతున్న మనిషి మీద పడుకొని, అసలు అంకెలు మాత్రం బయటపెట్టకుండా లెక్కంతా అరిచి చెప్పాడు. అమ్మిరాజు ఆగాడు. నమ్మాడు. అదే కొంప ముంచింది.

"అయితే అసలు నంబర్ చెప్పు."

"పోలీసోళ్లకు చెప్తా. మీకు చెప్ప."

రాడ్ హనీఫ్ మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. అమ్మిరాజు మళ్లీ అడిగాడు.

"చెప్ప."

రెండో చెయ్యీ విరిచారు. హనీఫ్ పళ్లు బిగించి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అమ్మిరాజు రాడ్ పట్టుకుని నా వైపు తిరిగాడు.

"డెబ్బై తొమ్మిది" అన్నాను. ఈసారి తెలుగులో, తప్పు లేకుండా చెప్పాను.