సావనదుర్గలో నాలుగడుగుల బేరం

ముప్ఫై రూపాయలు మిగిల్చడానికి, పెళ్లయిన కొత్తలోనే భార్యను సావనదుర్గ బండమీద నిలువునా ఇరికించినవాణ్ణి నేను. ఇంతటి ఘనకార్యం చేసిన వ్యాపారి బెంగళూరు బళేపేటలో ఇంకొకడు లేడు.

తొంభైల్లో మాట. మాగడి దారిలో బస్సు దిగి కాస్త నడవగానే కొండ కనబడింది. మన్నూ రాళ్లూ పోగుపడ్డ కొండ కాదు. అంతా ఒకే రాయి. ఆసియాలో ఇంత పెద్ద ఒంటిరాయి లేదంటారు. తెల్లటి శిఖరం బిళిగుడ్డ, నల్లటిది కరిగుడ్డ. జనం ఎక్కేది నల్లదాన్ని.

కింద మజ్జిగ బిందెతో కూర్చున్న ముసలాయన దారి చూపడానికి యాభై అడిగాడు. ఇరవై అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గాజుల అంగట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలియని విద్యా? లేచి నడిస్తే నాలుగో అడుగుకు వెనక్కి పిలుస్తారు. నడిచాను. పిలవలేదు.

కొండమీది పాత కోట మొదటి గోడ దాటేదాకా బాగానే ఉంది. ఆపైన బండ నున్నగా, నిటారుగా లేచింది. నా కొత్త తోలు బూట్లు జారడం మొదలుపెట్టాయి. ఎక్కలేం, దిగలేం. పడమట మబ్బు కమ్ముతోంది. వాన పడితే ఆ రాతిమీద బల్లి కూడా నిలవదు. చతికిలబడి ఒక బూటు విప్పానో లేదో, చేతిలోంచి జారిపోయింది. అది దొర్లిన చప్పుడు ఎంతసేపు వినబడిందో! మేమెంత ఎత్తున ఉన్నామో అప్పుడు తెలిసింది.

"ఇంకో నాలుగడుగులు వేయండి, పిలుస్తాడేమో," అంది నా భార్య.

"అరవై ఇస్తా!" అని కిందికి అరిచాను. "డెబ్బై!"

బండ వాలులో ముందు బిందె కనబడింది, తర్వాత దాన్ని మోస్తున్న ముసలాయన. వట్టి కాళ్లు.

"బేరం ఆమేలె, కిందికి పోయినాక చూద్దాం. ఆ రెండో బూటు కూడా తీసెయ్ అప్పా. గుంటలుండాయి చూడు, కాలు పెట్టు."

రాతిలో పాదమంత గుంటలు. కోట కట్టినవాళ్లు ఉలితో కొట్టారట. ఏ కూలికి కొట్టారో, ఎన్ని మడమలు వాటిని అరగదీశాయో, నా అంగడి కాలికీ సరిపోయాయి.

మబ్బు చినుకు రాల్చకుండానే పోయింది. శిఖరం మీద నంది మంటపం. దూరాన మంచనబెలె జలాశయం నీళ్లు గాజుముక్కలా మెరుస్తున్నాయి. బెంగళూరు కోసం వెతికాను. అంత పెద్ద ఊరు, మా అంగడి ఎటుందో కూడా తెలియలేదు.

కిందికొచ్చాక డెబ్బై చేతిలో పెట్టాను. ఇరవై తిరిగిచ్చేశాడు.

"నేనడిగింది యాభై కదప్పా."

లెక్క ఇదీ. దారికి యాభై. రెండు గ్లాసుల మజ్జిగకు నాలుగు. బూట్లు గంటసేపు బేరమాడి రెండు వందల ముప్ఫైకి కొన్నవి. సగమే నష్టం రాద్దామనుకున్నాను గానీ, ఒంటి బూటు ఎవడు కొంటాడు? మొత్తం రెండు వందల ఎనభై నాలుగు.