మురికికి కాపలా

మా పక్కింటి ఆంటీ పోయారన్న కబురు నాకు ఏ మనిషీ చెప్పలేదు. ఆవిడ నడిపిన పాత సామాన్ల అంగడి వెబ్ పేజీలో చదువుకున్నాను. మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటూ తెరిస్తే, పైన ఎర్ర అక్షరాలతో ఉంది: యజమానురాలు మరణించినందువల్ల ఉన్న సరుకంతా తగ్గింపు ధరకు ఇచ్చేస్తున్నాం, త్వరపడండి. చావు కబురునీ తగ్గింపు కబురునీ ఒకే వాక్యంలో ఇరికించిన ఆ తెలివికి, ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారాక రాస్తే పద్ధతిగా ఉంటుందని తెలుసు. అయినా ఇప్పుడే రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. కంప్యూటర్ పని వస్తే చాలు, కంపెనీలు విమానాల్లో తెచ్చి దించుకుంటున్న రోజుల్లో నేనూ మా ఆయనా సింగపూర్‌లో దిగాం. బుకిట్ బటోక్‌లో అద్దెకు దొరికిన ఫ్లాట్ పక్కది ఆంటీది. ఆవిడ విజయనగరం వైపు నుంచి కొత్త పెళ్లికూతురుగా ఓడెక్కి వచ్చి ఇక్కడే ముసలివారయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. మేం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే చాలు, ఇనుప గ్రిల్ వెనకనుంచి "ఏటమ్మా, మకాన్ అయిందేటి?" అని, ఇక్కడి మలయ్ మాటలో భోజనం సంగతి అడిగేవారు. కాలేదంటే కంచం వచ్చేది. అయిందన్నా మజ్జిగ తప్పేది కాదు.

ఆవిడకి పాత సామానంటే పిచ్చి. హారన్ ఊదుకుంటూ అంతస్తులన్నీ తిరిగి పాత సామాన్లు కొనే చైనా ముసలాయన, ఇక్కడి మాటలో కరంగుని అంకుల్, ఆవిడ గుమ్మం దగ్గర ఆగందే ముందుకు పోయేవాడు కాదు. కొత్త ఫ్లాట్లకు మారేవాళ్లు వదిలించుకున్న పూల ఎనామిల్ టిఫిన్ క్యారియర్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, ఇత్తడి తమలపాకుల పెట్టెలు ఆవిడ హాల్లో చేరేవి. "ఈటిని తీసిపారేకు అమ్మాయ్, మన కన్నా ఎక్కువ కాపరాలు సూసినాయి" అనేవారు.

ఆవిడ చెల్లెలి కొడుకు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, కంప్యూటర్ ఉద్యోగి. పిల్లి పిల్లల్ని పెట్టినా వెబ్‌సైట్ పెట్టే కాలం కదా, పెద్దమ్మ హాలుకి కూడా ఒకటి పెట్టాడు. అతను ఫోటోలు తీసి ఎక్కించేవాడు, బేరం కుదిరితే ఆంటీ మెట్రో రైలు స్టేషన్‌కి వెళ్లి ఇచ్చేవారు. కొనేవాళ్లు గేటు లోపలా, ఆంటీ బయటా. మళ్లీ టికెట్ ఎందుకు దండగని సంచీని గేటు మీదుగా అందించేవారు.

మొదటి బేరం ఒక తమలపాకుల పెట్టె. నేనూ తోడు వెళ్లాను. కొన్నాయన పాత వస్తువులు పోగుచేసే పెద్దమనిషి. ఫోటోలో నల్లగా, మూలల్లో పచ్చటి చిలుముతో ఉన్న పెట్టెను చూసి ముచ్చటపడి వచ్చాడు. సంచీ తెరిచేసరికి ఆయన మొహం వాడిపోయింది. లోపల బంగారంలా మెరుస్తున్న పెట్టె, అందులో గుప్పెడు పంచదార. ఇది కొత్తది, నా పాత పెట్టె ఏదని గేటు దగ్గరే గోల పెట్టాడు. అది ఇదేనని ఆంటీ, కాదని ఆయన. చింతపండూ ఉప్పూ కొబ్బరి పీచూ పెట్టి ఆవిడ పొద్దంతా తోమారని నేను చెప్తే ఇంకా మండిపడ్డాడు. డబ్బు వెనక్కి తీసుకుని, పంచదార ఆవిడ చేతిసంచీలోకి వంపేసి వెళ్లిపోయాడు.

దారంతా ఆంటీ ఒకటే మాట. "మాసిన గిన్నె ఎవులికైనా ఇత్తామేటి? ఖాళీది సేతిలో పెడతామేటి? పెడితే ఆ ఇల్లు మనల్నేటనుకుంటాది?"

ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించే చెల్లెలి కొడుకు ఆ సాయంత్రం వచ్చి తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, డోంట్ వాష్ లా! వాళ్లు కొనేదే ఆ నలుపుని."

"మురికినా?"

"మురికినే."

ఆవిడ నమ్మలేదు, కానీ మానేశారు. పంచదార మాత్రం మానలేదు. నల్లబడ్డ ఇత్తడి వరసగా పేర్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. చేతులు దురద పెడుతున్నాయనేవారు. "నా ఉజ్జోగమేటో తెలుసా అమ్మాయ్? మురికికి కాపలా" అని నవ్వేవారు. ఆ నవ్వులో సరదా కొంచెమే. అంగడి మాత్రం బాగా నడిచింది. మన తెలుగువాళ్లూ ఎగబడ్డారు. ఊళ్లో అమ్మమ్మల బిందెలు తూకానికి వేసి స్టీలు కొనుక్కున్న ఇళ్లవాళ్లమే, ఇక్కడ కండోలనే ఖరీదైన ఫ్లాట్లలో గాజు అలమరాలకి ఆవిడ దగ్గర ఇత్తడి కొన్నాం. నీళ్లు పోసుకోవడానికని ఒక్కరూ కొనలేదు.

ఆ ఇంట్లో మెరిసే ఇత్తడి చివరికి ఒక్కటే మిగిలింది, ఆవిడ మరచెంబు. మూతని మరలాగా తిప్పి బిగించే ప్రయాణపు చెంబు. ఓడెక్కేటప్పుడు వాళ్లమ్మ నీళ్లు నింపి ఇచ్చిందట. ప్రతి శుక్రవారం దాన్ని తోమేవారు, రోజూ దాంట్లో నీళ్లే తాగేవారు. ఈ ఊరి తేమకి ఇత్తడి వారం తిరక్కుండానే మసకబారుతుంది, కానీ ఆ చెంబు మసకబారగా నేను చూడలేదు. ఒకావిడ దాన్ని అడిగి, అంతలోనే అయ్యో ఇలా తోమేశారేం అని పెదవి విరిచింది. ఆంటీకి సంతోషమేసింది.

ఆ రోజే చెల్లెలి కొడుక్కి, నా ముందే చెప్పారు. "ఒరే, అన్నీ అమ్ముకో. ఈ సెంబు మాత్రం అమ్మకు. నాను పోయాక సుబ్బరంగా తోమి, నీళ్లు తాగేవోళ్లకి ఎవులికైనా ఇచ్చీ. ఖాళీగా ఇయ్యకు."

"ఓకే పెద్దమ్మా, ఓకే" అన్నాడు, కెమెరాలోంచి కన్ను తీయకుండా.

తర్వాత మేం సెంగ్‌కాంగ్‌లో సొంత ఫ్లాట్‌కి మారాం. ఆంటీకి కాళ్లు పడిపోతే అతను యూ టీ అనే పేటలోని తన ఇంటికి తీసుకెళ్లాడు, సరుకుతో సహా. ఎప్పుడు ఫోన్ చేసినా అతనే ఎత్తేవాడు. పెద్దమ్మ నిద్రపోతున్నారు అక్కా. వస్తానంటే, ఇప్పుడొద్దు, డాక్టర్ రెస్ట్ అన్నారు. ఇవన్నీ నిజం కావచ్చు. పేజీలో మాత్రం సరుకు మారుతూనే ఉండేది.

ఇక ఆ మధ్యాహ్నం. ఎర్ర అక్షరాల కింద వరసలో మరచెంబు కనిపించింది. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. బొగ్గు రంగులో ఉంది, మెడ చుట్టూ చిలుము. కింద మెచ్చుకోలు: ఎన్నో ఏళ్ల సహజమైన నలుపు, ఎవరూ తోమలేదు, అరుదైనది. ఆ నలుపు ఎన్నో ఏళ్లది కాదు. ఆవిడ మంచాన పడ్డాక పట్టింది. అన్ని శుక్రవారాలు పోయినా ఆ ఇంట్లో ఒక్కరి చెయ్యీ దాని మీద పడలేదు. చెంబు మీదే పడని చెయ్యి మనిషి మీద ఏం పడి ఉంటుంది? ఆ నలుపుకే ధర పెరిగింది.

కొంటానని రాశాను. యూ టీ స్టేషన్ గేటు దగ్గరికి తెచ్చాడు.

"ఆంటీ దీన్ని అమ్మొద్దన్నారు కదా?" అన్నాను.

"ముసలివాళ్లు ఎవ్రీబడీ అలాగే అంటారు లా, అక్కా. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. కావాలా, వద్దా?" అని, నా మొహం చూసి మెత్తబడి, "ఒరిజినల్ కండిషన్. నేను అస్సలు టచ్ చేయలేదు" అన్నాడు.

టచ్ చేయలేదన్నది నిజమే. సంచీ గేటు మీదుగా వచ్చింది. రైల్లో మూత తిప్పి లోపల చూశాను. ఖాళీ.

ఇంటికొచ్చి చింతపండు నానబెట్టాను. కొబ్బరి పీచుతో రుద్దుతుంటే సింకులోకి నల్లటి నీళ్లు దిగాయి, చాలాసేపు దిగాయి. మెడ దగ్గర చిలుము ఓ పట్టాన వదల్లేదు. మోచేతులు నొప్పెట్టేదాకా తోమి, కడిగి, నీళ్లు పట్టుకుని తాగాను. తర్వాత చెంబు తుడిచి, గుప్పెడు పంచదార పోసి, మా పక్క ఫ్లాట్ తలుపు కొట్టాను. మొన్ననే దిగిన కొత్త కాపురం, ఇంకా ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు తాగుతున్నారు. ఆ అమ్మాయి చెంబు అందుకుని, వెలుతురులో తిప్పి చూసి, "కొత్తదా ఆంటీ?" అంది.

అవునన్నాను. ఇక దాన్ని ఎవరూ కొనరు.