గెంచో బాట్రీ లెక్క

గోడకు ప్లగ్గు కనిపిస్తే చాలు, గెంచో చేతులు దురదపెట్టేవి. అది బడి గోడా, గుడి గోడా, పోలీసు స్టేషను గోడా అని చూసేవాడు కాదు. బండిలోంచి నల్లటి వైరు చుట్ట తీసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, కాస్త కరెంటు పోస్తారా?" అని, మజ్జిగ అడిగినంత మామూలుగా అడిగేవాడు. వేరే బండైతే జనం పట్టించుకునేవారు కాదు. గెంచో తోలేది శవాల బండి.

వ్రాత్సా పట్నంలో శవపేటికలు అమ్మే షావుకారు డీజిలు ఖర్చు భరించలేక జర్మనీ నుంచి ఒక పాత బాట్రీ బండి తెప్పించాడు. అక్కడ అది రొట్టెలు పంచేదట. ఇక్కడికొచ్చేసరికి దాని బాట్రీ కూడా ఈ కొండ ఊళ్ళ లాగే ముసలిదైపోయింది. ఏ ఊళ్ళో చూసినా తలుపుల మీద పోయినవాళ్ళ ఫొటోలతో చావు కాగితాలు. కొన్ని ఇళ్ళకు కాగితం మిగిలింది గానీ తలుపు తీసే మనిషి మిగల్లేదు. చలికాలంలో ఆ దారుల్లో తిరిగేది దాదాపు గెంచో బండి ఒక్కటే.

ఆ ఊళ్ళన్నిటికీ ప్రార్థన చదివేవాడు ఫాదర్ స్పిరిడోన్. తన కారు చెడిపోయిన నాటి నుంచి ఆయన గెంచో పక్క సీట్లోనే తిరుగుతున్నాడు. మంచివాడే. చలికి మాత్రం ఓర్చుకోలేడు, ఆకలికి అసలే ఓర్చుకోలేడు. గెంచో దగ్గర ఆ రెండూ పుష్కలంగా దొరికేవి.

"హీటరు వెయ్యవయ్యా, గడ్డం గడ్డకట్టేస్తోంది!"

"హీటరేస్తే మనం మూడూళ్ళ ఇవతలే ఆగిపోతాం ఫాదర్ గారూ. వెనకాయన ఏమన్నా అంటున్నాడా? ఎప్పుడూ మీరే."

చావింటికి వెళ్తే ఎవరైనా ముందు అయ్యో అంటారు. గెంచో ముందు బరువు అడిగేవాడు.

"మీ ఆయన ఎన్ని కిలోలుంటాడమ్మా?"

ఏడుస్తున్న భార్య ఏడుపాపింది. "ఎందుకూ?"

"మీ ఊరు బాగా ఎక్కుడు కదా. భారీ మనిషైతే వంతెన దగ్గర ఓసారి చార్జింగు పెట్టాలి."

"జబ్బుతో చిక్కి సగమైపోయాడు బాబూ!"

"పోన్లెండి, ఆ మాత్రం కలిసొచ్చింది," అన్నాడు గెంచో. ఫాదర్ అతని కాలు తొక్కాడు. చాలా గట్టిగానే తొక్కాడు.

ఒకసారి ఏకంగా గుడి ప్లగ్గుకే వైరు తగిలించాడు. లోపల ఫాదర్ చేతులెత్తి, "ప్రభువా, వెలుగుండే చోట ఈ ఆత్మను ఉంచుము," అన్నాడో లేదో, ఠప్పున గుళ్ళో దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో చనిపోయినాయన తమ్ముడు కెవ్వుమన్నాడు.

ఇక దారిలో ఆగడాలకు అంతు లేదు. పాలకేంద్రంలో పనిచేసినాయన్ని తీసుకుపోతూ అక్కడ ఆపితే పనివాళ్ళంతా టోపీలు తీసి బండి చుట్టూ నిలబడ్డారు. ఒక టీచరమ్మను తీసుకుపోతూ బడి దగ్గర ఆపితే పిల్లలు వరసకట్టి బయటికొచ్చారు. ఫాదర్‌కు మాత్రం తన కాళ్ళు కొయ్యబారిన సంగతి, అవతల సమాధి దగ్గర జనం వణుకుతున్న సంగతి తప్ప ఇంకేమీ తోచేది కాదు. "ఈ మనిషికి బతికున్నవాళ్ళ మీద జాలి లేదు," అని అందరితో చెప్పేవాడు.

ఆ జనవరిలో రాదుల్ పోయాడు. రాళ్ళ క్వారీలో పనిచేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని, ఆస్పత్రి మంచం మీద గాలి కోసం కొట్టుకుని కొట్టుకుని పోయాడు. కొండ మీద సొంతూరు గోర్నో పోలేలో పూడ్చాలి. భార్య స్నెజా నల్లగుడ్డ కట్టుకుని వెనక, పెట్టె పక్కనున్న బల్ల మీద కూర్చుంది. ఎక్కేముందే గెంచోకు గట్టిగా చెప్పింది.

"లెస్కోవ్ మీదుగా మాత్రం పోకు. ఆ మనిషి ఇల్లు ఆ దార్లోనే ఉంది."

ఆ మనిషంటే వెలికా, రాదుల్ మొదటి భార్య. ఎన్నో ఏళ్ళు కాపురం చేశాక ఆమెను వదిలేసి అతను స్నెజా దగ్గరికి వచ్చేశాడు.

"రెండో దారి నిట్టనిలువు తల్లీ," అన్నాడు గెంచో. "బాట్రీ సగంలోనే ప్రాణం వదిలేస్తుంది. అప్పుడు ఫాదర్ గారు దానిక్కూడా ప్రార్థన చదవాలి."

స్నెజా పళ్ళు కొరుక్కుంటూ బండెక్కింది. లెస్కోవ్ వచ్చింది. ఊరి మధ్యకు రాగానే బండి నెమ్మదించి, సరిగ్గా వెలికా ఇంటి ముందు ఆగింది.

"అయిపోయింది. చార్జింగు పెట్టాల్సిందే," అన్నాడు గెంచో.

"ఇక్కడా!" వెనక నుంచి స్నెజా అరిచింది. "ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకలేదా?"

"బాట్రీ ఇక్కడిదాకానే వచ్చిందమ్మా. నేనేం చెయ్యను?"

అప్పటికే అతను వైరుతో కిటికీ దగ్గరున్నాడు. ఫాదర్ తిట్టుకుంటూ వెనకే దిగాడు. లోపల వెలికా రెండు కర్రల మీద నిలబడి ఉంది. మోకాళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కరెంటెక్కడిది గెంచో?" అంది. "నిన్నటి గాలికి తీగలు తెగిపడ్డాయి. అప్పట్నుంచీ ఊరంతా చీకటే."

"ఫర్వాలేదు వదినా. ప్లగ్గుందిగా."

కిటికీలోంచి చెయ్యి దూర్చి వైరు ప్లగ్గులో పెట్టేశాడు. ఫాదర్ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. గెంచో గబగబా పోయి బండి వెనక తలుపులు బార్లా తెరిచాడు.

"బాట్రీకి గాలాడాలమ్మా. కాస్త దిగండి."

స్నెజా విసురుగా దిగి, దూరంగా కంచె పక్కకు పోయి, వీపు తిప్పి నిలబడింది. వెలికా కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చింది. గెంచో చెయ్యి అందించి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె మోకాళ్ళు వణకడం చూసి, ముందుకెళ్ళి హీటరు వేశాడు. ఆ బండిలో హీటరు పనిచేస్తుందని ఫాదర్‌కు తెలిసింది ఆ రోజే.

పెట్టె మూత కాస్త జరిపి ఉంది. వెలికా చాలాసేపు ఆ మొహంలోకి చూసింది.

"ఇన్నేళ్ళకు తోవ గుర్తొచ్చిందా?" అంది. తర్వాత అతని చొక్కా కాలరు సర్ది, గొంతు దగ్గర బొత్తాం తీసేసింది. "బిగుతుంటే నీకు ఊపిరాడదుగా."

ఫాదర్ తల తిప్పుకున్నాడు. పాలకేంద్రం దగ్గర తీసిన టోపీలు, బడి దగ్గర పిల్లల వరస ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ టీచరమ్మను తీసుకెళ్ళిన రోజున గెంచోను ఏమని తిట్టాడో కూడా గుర్తొచ్చింది. చలిలోనూ చెవులు వేడెక్కాయి.

కంచె దగ్గరికి పోయి నిలబడ్డాడు. స్నెజా వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"చార్జింగు ఎక్కుతోందా ఫాదర్?"

ఆ నల్లంగీ వేసుకుని ఆయన ఎన్నడూ అబద్ధమాడి ఎరగడు.

"ఎక్కుతోందమ్మా. బాగా ఎక్కుతోంది."

ఆమె ఎదురుగా చూస్తోంది. అక్కడ స్తంభం నుంచి తెగిన తీగ మంచులో పడి ఉంది. ఫాదర్ కూడా అప్పుడే దాన్ని చూశాడు.

"సరే," అంది స్నెజా. "ఇంకాసేపు ఎక్కనివ్వండి."

కాసేపయ్యాక తనే బండి దగ్గరికి వెళ్ళింది. వెలికా దిగబోతూ కర్రల కోసం తడుముకుంటోంది.

"ఈ కాళ్ళతో కొండెలా ఎక్కుతావు?" అంది స్నెజా. "ఉండు అక్కడే. ఇద్దరికీ చోటుంది."

వెలికా కాస్త జరిగింది.

గెంచో మొహం మాత్రం పాలిపోయింది. "ఇంకో మనిషా! లెక్క మళ్ళీ కట్టాలి!"

"కట్టుకోవయ్యా," అన్నాడు ఫాదర్ ఉదారంగా.

కట్టాడు. పెదాలు కదుపుతూ, వేళ్ళు ముడుస్తూ కట్టాడు. కట్టినకొద్దీ చెమట పట్టింది. బయల్దేరినప్పుడు బాట్రీ చాలినంతే ఉంది. తలుపులు బార్లా తెరిచి అంతసేపు హీటరు వేసేసరికి ఆ కాస్తా తగ్గిపోయింది. ఎక్కుడు సగం దాటేసరికి బండి ముందు తెరమీద తాబేలు బొమ్మ వెలిగింది. బండి కూడా తాబేలైపోయింది.

"ఫాదర్ గారూ," అన్నాడు గెంచో సన్నగా, "బాట్రీ అయిపోతోంది."

వెనక నుంచి స్నెజా గొంతు వినిపించింది. "అలాగే గెంచో. ఈసారి ఎవరింటి ముందు?"

అటూ ఇటూ మంచు పట్టిన అడవి తప్ప ఏమీ లేదు.

"నిజం తల్లీ! మా అమ్మ మీదొట్టు, ఈసారి నిజం!"

బండి ఇంకా నెమ్మదించింది. ఫాదర్ అంగీ ఎత్తి నడుముకు దోపుకుని దిగాడు. స్నెజా కూడా దిగింది. ఇద్దరూ వెనక తలుపులకు భుజాలానించి తొయ్యడం మొదలుపెట్టారు. అద్దానికి అవతల, పెట్టె పక్కన, వెలికా మొహం కనిపిస్తోంది.

"నేనూ దిగుతాను!" వెలికా లోపల నుంచి అరిచింది. "బరువన్నా తగ్గుతుంది!"

"కూర్చో అక్కా!" అని అరిచింది స్నెజా, రొప్పుతూ. "నువ్వు దిగితే వీడు మళ్ళీ లెక్క కడతాడు!"

అద్దం వెనక వెలికా ముందు బిత్తరపోయింది. తర్వాత తలగుడ్డ కొసతో నోరు మూసుకుంది. ఏడుస్తోందేమోనని ఫాదర్ భయపడ్డాడు. చూస్తే నవ్వుతోంది. స్నెజాకు కూడా నవ్వొచ్చి, పట్టు జారి, మంచులో మోకాళ్ళ మీద పడి, లేచి మళ్ళీ తోసింది.

గోర్నో పోలే శ్మశానం గేటు దగ్గర పారలు పట్టుకుని నలుగురు ముసలాళ్ళు చాలాసేపటి నుంచి వణుకుతున్నారు. మలుపు తిరిగి బండి కనబడింది. స్టీరింగు మీద వాలిపోయి గెంచో, వెనక తోస్తూ రాదుల్ కట్టుకున్న పెళ్ళామూ ఫాదరూ, లోపల ఇంకా నవ్వాపుకోలేక వదిలేసిన పెళ్ళామూ.

"మళ్ళీ బాట్రీయేనా గెంచో?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

గెంచో నోరు తెరిచేలోపే ఫాదర్ స్పిరిడోన్ ముందుకొచ్చి, గడ్డంలో మంచు దులుపుకుని, గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"నిజంగానే బాట్రీ అయిపోయిందయ్యా. నా మాట నమ్మండి."

పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూసి పార భుజానికెత్తుకున్నాడు.

"మీక్కూడా నేర్పేశాడా ఫాదర్ గారూ?"